మూత తీయగానే డెస్క్‌టాప్ కనబడుతోందా? లైనక్స్‌లో స్క్రీన్‌సేవర్, లాక్ స్క్రీన్ సరిగ్గా పెట్టుకోవడం

మీ ప్రశ్నలో మూడు ఫిర్యాదులున్నాయి. పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 లైనక్స్, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వేసుకున్నారు. ఇంట్లోవాళ్ల ఫొటోలు తిరిగే స్క్రీన్‌సేవర్ కావాలని ఎక్స్‌స్క్రీన్‌సేవర్ కూడా ఇన్‌స్టాల్ చేశారు. తీరా చూస్తే పది నిమిషాలకి ఫొటోలు రావట్లేదు, తెర నల్లబడిపోతోంది. మూత వేసి మళ్లీ తీస్తే పాస్‌వర్డ్ అడిగేలోపు డెస్క్‌టాప్ తళుక్కుమని కనబడుతోంది, ఒక్కోసారి అసలు అడగడమే లేదు. ఇక మూడోది, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా అప్పుడప్పుడు తప్పంటోంది. మీరు పెట్టిన ప్రాసెస్‌ల జాబితాలో తెరకి తాళం వేసే ప్రోగ్రాములు, అంటే లాకర్లు, రెండున్నాయి: లైట్ లాకర్, ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రెండూ నడుస్తున్నాయి. రెండో ఫిర్యాదుకి మూలం అదే. మూడోదాని కారణం వేరు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్‌లో టైప్ చేస్తానని చివర్లో మీరు రాసిన ఒక్క వాక్యం దాన్ని పట్టిచ్చింది.

మనిషి కీబోర్డు వదిలేసి లేచి వెళ్లాక డెస్క్‌టాప్‌లో నాలుగు పనులు జరగాలి. ఎంతసేపటి నుంచి ఎవరూ ముట్టుకోలేదో లెక్కపెట్టడం ఒకటి. తెర మీద బొమ్మో నలుపో చూపించడం ఇంకొకటి. తాళం వేసి పాస్‌వర్డ్ అడగడం మూడోది. మానిటర్‌కి కరెంటు ఆపడం, లేదా మెషీన్ మొత్తాన్ని నిద్రపుచ్చడం నాలుగోది. లైనక్స్‌లో ఈ నాలుగూ ఒకే ప్రోగ్రాము చేయాలన్న నియమం లేదు. ఒక్కోదాన్ని ఒక్కొక్కరు చేయొచ్చు. ఒకే పనికి ఇద్దరు దిగినా మధ్యలో ఆపేవాళ్లు లేరు. అందుకే మా ఆఫీసులో కొత్త మెషీన్ ఏది వచ్చినా నేను మొదట చూసేది సెట్టింగ్స్ కాదు, ఏ పని ఎవరి చేతిలో ఉందన్నది. అది తేలితే మిగతాదంతా పది నిమిషాల పని.

ఆజ్ఞలన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్‌లో కొట్టాల్సిన ఇంగ్లీషు రూపం పక్కనే బ్రాకెట్లో ఉంటుంది.

ముందుగా ఎక్స్‌సెట్ క్యూ (xset q) అని కొట్టండి. అందులో కింది భాగంలో స్క్రీన్ సేవర్ అన్న చోట టైమౌట్ ఎన్ని సెకన్లో, డీపీఎంఎస్ అన్న చోట మానిటర్ ఎప్పుడు ఆరిపోతుందో కనబడుతుంది. టైమౌట్ 600 అని ఉందంటే తెర మీద అన్నీ చూపించే ఎక్స్ సర్వర్ (దీన్నే ఎక్స్11 అంటారు) తానే పది నిమిషాలకి తెర నలుపు చేస్తుందని అర్థం. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ నడుస్తుంటే దీన్ని తానే సున్నా చేసేస్తుంది, కాబట్టి మీ దగ్గర దోషి ఇది కాకపోవచ్చు. డీపీఎంఎస్ అంకెలు చూడండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ పవర్ మేనేజర్‌లో డిస్‌ప్లే ట్యాబ్ తెరిస్తే తెర నలుపు చేయడం, నిద్రపుచ్చడం, ఆపేయడం అని మూడు జారుడు మీటలుంటాయి. అవి పది నిమిషాల దగ్గరే ఉంటే, ఎక్స్‌స్క్రీన్‌సేవర్ ఫొటోలు మొదలుపెట్టే క్షణానికే పవర్ మేనేజర్ వచ్చి మానిటర్‌కి కరెంటు ఆపేస్తుంది. ఫొటోలు తిరుగుతూనే ఉంటాయి, ఆరిన తెర మీద. పవర్ మేనేజర్‌లోని డిస్‌ప్లే విభాగాన్ని పూర్తిగా ఆపేసి, ఆ బాధ్యత కూడా ఎక్స్‌స్క్రీన్‌సేవర్‌కే ఇవ్వండి. దాని అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో డిస్‌ప్లే పవర్ మేనేజ్‌మెంట్ ఉంది. పది నిమిషాలకి ఫొటోలు, నలభై నిమిషాలకి మానిటర్ ఆఫ్ అని పెట్టుకుంటే మీరు కోరినది దొరుకుతుంది.

ఇప్పుడు అసలు రోగం. లైట్ లాకర్ తానుగా పాస్‌వర్డ్ పెట్టె గీయదు. లాగిన్ అయ్యేటప్పుడు కనబడే లైట్‌డీఎం తెర ఉంది కదా, వేరే వర్చువల్ టెర్మినల్‌లో, అంటే కంట్రోల్ ఆల్ట్‌తో ఎఫ్ మీట నొక్కితే వచ్చే విడి తెరల్లో ఒకదానిలో, ఉన్న ఆ తెరకి మిమ్మల్ని మార్చేస్తుంది. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ దారి వేరు. మీ సెషన్ మీదే అన్నిటికన్నా పైన ఒక కిటికీ పరిచి, కీబోర్డు, మౌస్ రెండూ తన గుప్పిట్లోకి తీసుకుంటుంది. రెండూ నడిస్తే ఒకసారి వాడిదీ ఒకసారి వీడిదీ పైచేయి అవుతుంది. కొందరికి రెండుసార్లు పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చేది కూడా ఇందుకే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.

దీని వెనక ఇంకో సంగతి ఉంది. వీడియో నడుస్తోంది, ఇప్పుడు తెర ఆపొద్దు అని బ్రౌజర్ చెప్పుకోవడానికి, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్ మీద ఒక పేరు ఉంటుంది. ఆ పేరు ఒకసారికి ఒక ప్రోగ్రాముకే దక్కుతుంది, లాగిన్ అయ్యాక ముందు లేచినవాడిదే ఆ పేరు. ఎక్స్‌స్క్రీన్‌సేవర్‌లో ఎక్స్‌స్క్రీన్‌సేవర్ సిస్టమ్‌డీ అనే చిన్న తోడు ప్రాసెస్ ఉంది. బ్రౌజర్ల విన్నపాలు వినేదీ అదే, మూత వేసినప్పుడు నిద్రకి ముందు తాళం వేయించేదీ అదే. ఇంకో లాకర్ ఆ పేరు ముందే పట్టుకుని కూర్చుంటే దీని పని సాగదు. ఎవరు ముందు లేచారన్నది లాగిన్ అయిన ప్రతిసారీ మారొచ్చు కాబట్టే మీకు ఒక్కోసారి పాస్‌వర్డ్ అడగడం, ఒక్కోసారి అడగకపోవడం.

ఫొటోలు కావాలంటున్నారు కాబట్టి ఎక్స్‌స్క్రీన్‌సేవర్ ఉంచి, లైట్ లాకర్ తీసేయండి. సుడో ఆప్ట్ పర్జ్ లైట్ లాకర్ (sudo apt purge light-locker). అవునని చెప్పే ముందు ఇంకేం తీసేస్తానంటోందో ఆ జాబితా చదవండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ స్క్రీన్‌సేవర్ అనే ప్యాకేజీ, మేట్ స్క్రీన్‌సేవర్ లాంటివి ఏవైనా వేసి ఉంటే అవి కూడా తీసేయాలి. ఆటోస్టార్ట్‌లో టిక్ తీసి వదిలేయడం నాకు నచ్చదు. రేపు ఏదో అప్‌డేట్ వచ్చి ఆ టిక్ మళ్లీ పెడితే, తాళం పడట్లేదని మీకు తెలిసేది చాలా ఆలస్యంగా. తర్వాత సెషన్ అండ్ స్టార్టప్‌లోకి వెళ్లి ఆటోస్టార్ట్‌లో ఎక్స్‌స్క్రీన్‌సేవర్ ఉందో లేదో చూసి, లేకపోతే చేర్చండి.

ఎక్స్‌ఎఫ్‌సీఈలో కంట్రోల్ ఆల్ట్ ఎల్ నొక్కితే నడిచేది ఎక్స్‌ఫ్లాక్4 అనే చిన్న స్క్రిప్ట్. అది ఏ లాకర్‌ని పిలవాలో ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగ్స్ ఉండే ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్‌లో చెప్పి ఉంచవచ్చు. సెట్టింగ్స్ ఎడిటర్ తెరిచి, ఎక్స్‌ఎఫ్‌సీఈ4 సెషన్ ఛానెల్‌లో జనరల్ కింద లాక్ కమాండ్ (LockCommand) అనే ప్రాపర్టీ స్ట్రింగ్ రకంగా చేర్చి, విలువగా ఎక్స్‌స్క్రీన్‌సేవర్ కమాండ్ రెండు గీతలు లాక్ (xscreensaver-command --lock) అని ఇవ్వండి. మెనూలో ఉన్న లాక్ బటన్ కూడా ఇదే దారిన వెళ్తుంది.

ఫొటోల సంగతి. ఎక్స్‌స్క్రీన్‌సేవర్‌ని నెట్‌స్కేప్ తొలి ప్రోగ్రామర్లలో ఒకరైన జేమీ జవిన్‌స్కీ 1992లో మొదలుపెట్టి ఇప్పటికీ తానే చూసుకుంటున్నారు. రెండు వందలకు పైగా బొమ్మలున్నాయి అందులో. డెబియన్ వాటిని ముక్కలు చేసి ఇస్తుంది. మూల ప్యాకేజీ ఒక్కటే వేస్తే కొన్నే వస్తాయి. మీకు కావలసిన జీఎల్‌స్లైడ్‌షో త్రీడీ బొమ్మల ప్యాకేజీలో ఉంది, అంటే ఎక్స్‌స్క్రీన్‌సేవర్ జీఎల్ కూడా వేయాలి. మోడ్ దగ్గర ఒక్క స్క్రీన్‌సేవర్ మాత్రమే అన్నది ఎంచుకుని జాబితాలో దీన్ని పట్టుకోండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో చూజ్ రాండమ్ ఇమేజెస్ టిక్ చేసి మీ ఫొటోల ఫోల్డర్ చూపించండి. దాని పక్కనే గ్రాబ్ డెస్క్‌టాప్ ఇమేజెస్ అని ఇంకో టిక్ ఉంటుంది. అది తప్పకుండా తీసేయండి. అది ఉంటే కొన్ని బొమ్మలు మీ డెస్క్‌టాప్‌నే ఫొటో తీసి దాన్ని తిప్పుతూ, కరిగిస్తూ చూపిస్తాయి. చూడముచ్చటగానే ఉంటుంది, కానీ తెరిచి వదిలేసిన బ్యాంకు పేజీయో జీతాల షీటో తాళం వేసిన తెర మీద అందరికీ కనబడుతుంది.

పాత ల్యాప్‌టాప్ అన్నారు కాబట్టి ఒక మాట. త్రీడీ బొమ్మ నడుస్తున్నంతసేపూ గ్రాఫిక్స్ చిప్ పనిచేస్తూనే ఉంటుంది, ఫ్యాన్ తిరుగుతుంది, బ్యాటరీ దిగుతుంది. గాజు గొట్టపు మానిటర్ల కాలంలో ఒకే బొమ్మ గంటల తరబడి నిలిస్తే ఫాస్ఫర్ మీద మచ్చ పడేది, అందుకు స్క్రీన్‌సేవర్ కావలసి వచ్చింది. మీ ఎల్‌సీడీకి ఆ బెడద లేదు. ఓఎల్‌ఈడీ తెరలకి మాత్రం మచ్చ భయం మళ్లీ వచ్చింది, అక్కడ మంచి మందు తెర ఆపేయడమే. ఫొటోలు పెట్టుకోవద్దని నేననను, పిల్లల ఫొటోలు అలా తిరుగుతుంటే ఇంట్లో ఆ సంతోషం వేరు. ఛార్జర్ ఉన్నప్పుడు ఫొటోలు, బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఖాళీ తెర అన్న పద్ధతి పాటించండి.

మొదటి ట్యాబ్‌లో లాక్ స్క్రీన్ ఆఫ్టర్ అనే టిక్ విడిగా ఉంటుంది. దీన్ని మరిచిపోయి, బొమ్మ వస్తోంది కాబట్టి తాళం కూడా పడిందనుకునేవాళ్లు చాలామంది. టిక్ పెట్టి పక్కన సున్నా నిమిషాలు ఇవ్వండి, లేదా మీరు టీ కప్పు పట్టుకుని తిరిగొచ్చేంత వెసులుబాటుగా ఒక నిమిషం ఇచ్చుకోండి.

ఇక మూత. మూత వేయగానే మెషీన్ ఒక్కసారిగా నిద్రపోదు. లాగిన్‌లనూ నిద్రనూ చూసుకునే సిస్టమ్‌డీ లాగిన్‌డీ అనే సేవ ముందు నిద్రకి వెళ్తున్నామని చాటింపు వేస్తుంది. నాకు కొంచెం టైమివ్వండి అని ముందే పేరు రాయించుకున్న ప్రోగ్రాముల కోసం ఆగుతుంది. డిఫాల్ట్‌గా గరిష్ఠం 5 సెకన్లు. ఆ వ్యవధిలో లాకర్ తెర కప్పేసి, అయిపోయింది అని చెబితే అప్పుడు నిద్ర. పేరు రాయించుకోని లాకర్‌కి చాటింపు వినబడుతుంది కానీ దాని కోసం ఎవరూ ఆగరు. అది సగంలో ఉండగానే మెషీన్ పడుకుంటుంది, మూత తీశాక మిగతా సగం పూర్తిచేస్తుంది. మీరు చూస్తున్న ఆ తళుకు సరిగ్గా అదే. ఆ ఒక్క క్షణం చాలు, పక్కనున్న ఫోన్‌లో వీడియో తీసేవాడికి మీ మెయిల్ మొత్తం దొరుకుతుంది.

ఎవరు పేరు రాయించుకున్నారో చూడాలంటే సిస్టమ్‌డీ ఇన్‌హిబిట్ రెండు గీతలు లిస్ట్ (systemd-inhibit --list) అని కొట్టండి. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ వరుసలో ఏమిటి అన్న చోట స్లీప్ అని, మోడ్ దగ్గర డిలే అని ఉండాలి. ఆ వరుస లేదంటే తోడు ప్రాసెస్ లేవలేదన్నమాట. అక్కడే ఎక్స్‌ఎఫ్‌సీఈ పవర్ మేనేజర్ వరుస కూడా కనబడొచ్చు, హ్యాండిల్ లిడ్ స్విచ్, బ్లాక్ అని. అంటే మూత వేస్తే ఏం చేయాలో లాగిన్‌డీ కాక పవర్ మేనేజర్ నిర్ణయిస్తోంది. అదేం తప్పు కాదు. కానీ అలా ఉన్నప్పుడు లాగిన్‌డీ కాన్ఫ్ ఫైలులో మూత గురించి మీరేం రాసినా పనిచేయదు, మార్చాల్సింది పవర్ మేనేజర్‌లో. అందులోనే నిద్రకి వెళ్లేటప్పుడు తెర లాక్ చేయి అన్న టిక్ ఉంటుంది, పెట్టండి.

పరీక్ష ఎలాగంటే: ఒక టెర్మినల్‌లో పెద్ద అక్షరాలతో ఏదైనా తెరిచి ఉంచి, సిస్టమ్‌కంట్రోల్ సస్పెండ్ (systemctl suspend) ఇచ్చి, లేపి, తెర వైపే చూడండి. తర్వాత మూతతో చూడండి. తర్వాత లాగిన్‌కంట్రోల్ లాక్ సెషన్ (loginctl lock-session) ఇచ్చి చూడండి. ఈ మూడూ వేర్వేరు దారులు, ఒకటి పనిచేసిందని మిగతావి పనిచేస్తాయని నమ్మొద్దు. నాలుగో పరీక్ష చాలామంది చేయరు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి, మెనూ తెరిచే ఉంచి, టైమౌట్ ఒక నిమిషం పెట్టి కూర్చోండి. తాళం పడకపోవచ్చు. ఎక్స్11లో తెరిచిన మెనూ కీబోర్డునూ మౌస్‌నూ పట్టుకుని ఉంటుంది. లాకర్‌కి కావలసినవీ అవే. అవి దొరక్కపోతే తాళం వేయలేదు. ఇది ఎక్స్11 నిర్మాణంలోనే ఉన్న లోటు, ఇలా కీబోర్డు, మౌస్ పట్టుకుని తాళం వేసే ఏ లాకర్ పెట్టినా పోదు. మెనూ తెరిచి లేచి వెళ్లకండి, లేచేటప్పుడు కంట్రోల్ ఆల్ట్ ఎల్ నొక్కి, తెర మారిందని చూసి వెళ్లండి.

ఎక్స్11 స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి వేలాండ్‌లో ఈ బాధ లేదు. అక్కడ తాళం వేయడం, కిటికీలన్నిటినీ తెర మీద పేర్చి చూపించే కంపోజిటర్ చేతిలో పని. స్వే, హైపర్‌ల్యాండ్ లాంటి కంపోజిటర్లు వాడే సెషన్ లాక్ ప్రోటోకాల్‌లో, లాకర్ ప్రోగ్రాము మధ్యలో చచ్చిపోయినా కంపోజిటర్ తెరను మూసే ఉంచాలి. ఎక్స్11లో లాకర్ ఒక మామూలు ప్రోగ్రాము, అది కూలిపోతే కింద డెస్క్‌టాప్ బయటపడుతుంది. ఇదేమీ ఊహ కాదు. 2021 జనవరిలో లినక్స్ మింట్‌లో, ఒకాయన పిల్లలు లాక్ స్క్రీన్ మీద అసలు కీబోర్డునూ తెర మీది కీబోర్డునూ ఇష్టమొచ్చినట్టు నొక్కితే తాళం ఊడిపోయింది. తెర మీది కీబోర్డులో ఇంగ్లీషు e అక్షరం మీద గీతతో ఉండే రూపాన్ని (ē) నొక్కితే ఆ కీబోర్డు లైబ్రరీ కూలిపోయేదని, దాంతో పాటే మింట్ వాడే సిన్నమన్ డెస్క్‌టాప్ స్క్రీన్‌సేవర్ కూడా పడిపోయేదని తర్వాత తేలింది. తాళం వేసే ప్రోగ్రాములో అందమైన టూల్‌కిట్లు, అదనపు హంగులు కలపొద్దని జవిన్‌స్కీ ఏళ్ల తరబడి మొత్తుకున్నది ఇందుకే. 2021లోనే వచ్చిన 6వ వెర్షన్‌లో ఆయన ఎక్స్‌స్క్రీన్‌సేవర్‌ని ముక్కలు చేశారు. బొమ్మలు చూపేది ఒకటి, పాస్‌వర్డ్ అడిగేది ఒకటి, తాళం పట్టుకుని కూర్చునే చిన్న ప్రాసెస్ వేరొకటి. మొదటి రెండూ కూలినా మూడోది వదలదు. డెబియన్ 12లో ఉన్నది 6వ సిరీసే. దాని పాస్‌వర్డ్ పెట్టె పాతకాలంగా ఉందని రాశారు. నేనైతే ఆ పాతకాలపు పెట్టెకే ఓటేస్తాను.

పాస్‌వర్డ్ తప్పనడం గురించి. మీ కీబోర్డుకి ఎక్స్‌కేబీలో, అంటే ఎక్స్ సర్వర్‌లో ఏ మీటకి ఏ అక్షరమో చూసే భాగంలో, ఇంగ్లీషు, తెలుగు అని రెండు లేఅవుట్లున్నాయి. తెలుగులో ఏదో టైప్ చేస్తూ అలాగే లేచి వెళ్తే, తాళం పడేసరికి లేఅవుట్ తెలుగులోనే ఉంటుంది. తిరిగొచ్చి మీరు ఇంగ్లీషు కే (k) అక్షరం నొక్కాననుకుంటారు, లాకర్‌కి అందేది క. చుక్కలే కనబడతాయి కాబట్టి మీకు తెలిసే వీలు లేదు. లేఅవుట్ మార్చే మీట, అంటే ఆల్ట్ షిఫ్ట్ లాంటిది, ఎక్స్‌కేబీ ఆప్షన్‌గా పెట్టుకుని ఉంటే అది ఎక్స్ సర్వర్‌లోనే పనిచేస్తుంది, కాబట్టి లాక్ స్క్రీన్ మీద కూడా నడుస్తుంది. తప్పన్నప్పుడు ఒకసారి దాన్ని నొక్కి మళ్లీ కొట్టి చూడండి. ప్యానెల్‌లోని బొమ్మ మీద క్లిక్ చేసి మాత్రమే మార్చుకునే అలవాటుంటే, తాళం పడ్డాక ఆ ప్యానెల్ మీకు అందదు. అందుకని కీబోర్డు సెట్టింగ్స్‌లో మార్పిడి మీట ఇప్పుడే పెట్టుకోండి. ఇంగ్లీషుని మొదటి లేఅవుట్‌గా ఉంచండి. ఐబస్ అనే విడి ఇన్‌పుట్ ప్రోగ్రాము ద్వారా తెలుగు కొట్టేవాళ్లకి సాధారణంగా ఈ ఇబ్బంది రాదు, ఎందుకంటే లాకర్ ఐబస్ దాకా వెళ్లకుండా మీటల్ని నేరుగా తీసుకుంటుంది. స్వేలో తాళం వేసే స్వేలాక్ వాడేవాళ్లకి షో కీబోర్డ్ లేఅవుట్ అని ఒక ఆప్షనే ఉంది, పెట్టుకుంటే ఏ లేఅవుట్‌లో ఉన్నారో తెర మీదే చూపిస్తుంది. తెలుగులో రాసే ప్రతివాళ్లూ దాన్ని పెట్టుకోవాలి.

ఇదే లక్షణం ఆర్చ్ లైనక్స్‌లో కనబడితే ఇంకో కారణం కూడా చూడాలి. అక్కడ పాస్‌వర్డ్‌లు సరిచూసే పామ్ వ్యవస్థలో ఫెయిల్‌లాక్ అనే మాడ్యూల్ డిఫాల్ట్‌గానే ఉంటుంది. మూడుసార్లు తప్పు కొడితే పది నిమిషాలు సరైన పాస్‌వర్డ్‌ని కూడా ఒప్పుకోదు. తెలుగు లేఅవుట్‌లో మూడుసార్లు కొట్టి, తర్వాత ఇంగ్లీషుకి మార్చి సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వదు. అప్పుడు పది నిమిషాలు ఆగడమే, లేదా వేరే టెర్మినల్‌లో రూట్‌గా వెళ్లి ఫెయిల్‌లాక్ రీసెట్ చేయడం (faillock --reset, మధ్యలో --user తర్వాత మీ పేరు).

మీ ప్రశ్న కింద ఇద్దరు ముగ్గురు గ్నోమ్ డెస్క్‌టాప్ సంగతి అడిగారు కాబట్టి క్లుప్తంగా. గ్నోమ్ 3 వచ్చినప్పటి నుంచీ అందులో బొమ్మల స్క్రీన్‌సేవర్ లేదు, నల్ల తెర, తాళం అంతే. ఆ తాళం గ్నోమ్ షెల్‌లోనే ఉంది, పాస్‌వర్డ్ సరిచూడటానికి గ్నోమ్ సొంత లాగిన్ తెర జీడీఎం కావాలి. తేలిగ్గా ఉంటుందని లైట్‌డీఎం పెట్టుకుని, లాక్ ఆప్షనే మాయమైందని వెతుక్కునేవాళ్లు తిరిగి జీడీఎంకి మారితే సరిపోతుంది. ప్రైవసీ సెట్టింగ్స్‌లో స్క్రీన్ లాక్ తెరిచి, తెర నల్లబడ్డాక లాక్ ఎంతసేపటికి అన్నది సున్నా చేసి, లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్లు ఆపేయండి. ఓటీపీ మెసేజీలు డెస్క్‌టాప్‌కి కూడా వచ్చే రోజులివి. కేడీఈ వాళ్ల ప్లాస్మా డెస్క్‌టాప్‌లో లాకర్ తెర కూలిపోతే నల్ల తెర మీద ఒక సందేశం వస్తుంది, వేరే టెర్మినల్‌కి వెళ్లి లాగిన్‌కంట్రోల్ అన్‌లాక్ సెషన్ (loginctl unlock-session) ఇవ్వమని. అది చూసి కంగారుపడి పవర్ బటన్ నొక్కి సేవ్ చేయని పని పోగొట్టుకోకండి, అది చెప్పినట్టే చేయండి.

ఆఫీసు పనికి కూడా ఇదే ల్యాప్‌టాప్ అన్నారు కాబట్టి ఇంకో రెండు మాటలు. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కితే వచ్చే టెక్స్ట్ టెర్మినల్‌లో మీరు ఎప్పుడో లాగిన్ అయి వదిలేసి ఉంటే, డెస్క్‌టాప్ తాళం దాన్ని కాపాడదు. ఎవరైనా ఆ మీటలు నొక్కి మీ పేరుతో కూర్చోవచ్చు. పని అవగానే ఎగ్జిట్ కొట్టండి. ఇక, డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేయలేదంటే లాక్ స్క్రీన్ ఎంత గట్టిదైనా దొంగకి అడ్డం కాదు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఫైళ్లన్నీ చదువుకుంటాడు. డెబియన్ ఇన్‌స్టాలర్‌లోనే లక్స్ ఎన్‌క్రిప్షన్ ఉంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేసే అవకాశం వస్తే వదలొద్దు. అది ఉన్నా నిద్రలో ఉన్న మెషీన్ ర్యామ్‌లో ఆ ఎన్‌క్రిప్షన్ తాళంచెవి అలాగే ఉంటుంది. బస్సులో, రైల్లో ప్రయాణం చేసేటప్పుడు మూత వేసి ఊరుకోకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి.

లైట్ లాకర్ తీసేసి, ఒకసారి లాగౌట్ అయి వచ్చి, ఆ నాలుగు పరీక్షలూ చేయండి. అప్పటికీ మూత తీయగానే డెస్క్‌టాప్ కనబడుతుంటే ఇన్‌హిబిట్ జాబితా మొత్తం, దాంతోపాటు ఆ నిమిషంలో జర్నల్‌కంట్రోల్ (journalctl) చూపించిన సిస్టమ్ లాగ్ వరుసలు ఇక్కడ పెట్టండి. నిద్రకి వెళ్తున్నాం అన్న వరుసకి ముందు లాకర్ లేచిందా తర్వాత లేచిందా అన్నది వాటిలో టైముతో సహా ఉంటుంది.